పక్కవాళ్ళకే తెలిసే జబ్బు: గురక ఆగి ఆగి వస్తుంటే ఏం చేయాలి

మే నెల, విశాఖ గాజువాకలో మా ఇల్లు, రాత్రి రెండు దాటింది, కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగగానే మెలకువ వచ్చి పక్కకి తిరిగాను. మా ఆయన గురక కూడా ఆగిపోయి ఉంది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ చప్పుడు ఆగితే బాగుండునని మొక్కుకున్న రాత్రులు బోలెడు, కానీ ఆ రాత్రి మాత్రం భయమేసింది, ఎందుకంటే పొట్ట ఎగిరెగిరి పడుతోంది, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి లేదు. ఫోన్ తీసి సెకన్లు లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. అప్పుడు చెరువులో మునిగి తల పైకెత్తిన మనిషిలా గుర్రుమని గాలి పీల్చి, అటు ఒత్తిగిల్లి, మళ్ళీ గురక మొదలుపెట్టారు. కరెంటు వచ్చేలోపు అలా తొమ్మిది సార్లు. ఫ్యాన్ చప్పుడులో ఇన్నేళ్ళూ నాకు వినపడింది గురకే, మధ్యలో ఆగడం కాదు.

పొద్దున్న చెబితే, "నేను హాయిగా పడుకున్నానే, నీకే ఉక్కపోతకి నిద్రపట్టక ఏదో అనిపించుంటాది" అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. ఈ జబ్బున్న మనిషికి రాత్రంతా మెలకువలు వస్తూనే ఉంటాయి కానీ ఒక్కోటీ కొన్ని సెకన్లే, తెల్లారేసరికి ఒక్కటీ గుర్తుండదు. అందుకే ఇది గురక పెట్టేవాళ్ళ కోసం కన్నా వాళ్ళ పక్కన తలగడ చెవిమీద పెట్టుకుని పడుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను.

లోపల జరిగేది చెబుతాను. నిద్రపట్టగానే ఒళ్ళంతా వదులైనట్టే గొంతు కండరాలూ వదులవుతాయి. దారి ఇరుకైతే అక్కడి మెత్తటి భాగాలు గాలికి కొట్టుకుని చప్పుడొస్తుంది, అది గురక. దారి పూర్తిగా మూసుకుపోతే చప్పుడే ఉండదు. అంటే భయపడాల్సింది చప్పుడుకి కాదు, మధ్యలో వచ్చే నిశ్శబ్దానికి. ఛాతీ, పొట్ట గాలి కోసం గుంజుతూనే ఉంటాయి, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు కంగారుపడి మనిషిని కాస్త లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత. ఊపిరి పది సెకన్లు, ఆపైన ఆగితే దాన్ని ఒక ఆప్నియా కింద లెక్కేస్తారు. వెల్లకిలా పడుకున్నప్పుడూ, కలలొచ్చే నిద్ర ఎక్కువగా ఉండే తెల్లవారుజామునా ఇది పెరుగుతుంది. గొంతు తెరిచే ఉన్నా మెదడు నుంచి ఊపిరి తీయమనే కబురు రాక ఆగిపోయే రకం ఇంకొకటి ఉంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళలో, పక్షవాతం వచ్చినవాళ్ళలో కనిపిస్తుంది. దాని వైద్యం వేరు. పరీక్ష లేకుండా సీపాప్ మిషన్ (గొంతు మూసుకోకుండా రాత్రంతా గాలి పంపేది) కొనేయకండి అని చెప్పేది అందుకే.

పగలు కనిపించే గుర్తుల్ని మేము ఒక్కోదాన్నీ ఒక్కో ఖాతాలో వేసేశాం. రాత్రి మూడు నాలుగు సార్లు బాత్రూముకి లేస్తుంటే షుగర్ అనుకుని రెండుసార్లు రక్తపరీక్ష చేయించాం, షుగర్ లేదు. (గాలి అందక గుంజేటప్పుడు గుండె గదులు సాగుతాయి, ఒంట్లో నీరెక్కువైందని గుండె పొరబడి మూత్రం పెంచే హార్మోను వదులుతుంది, అందుకే లేవడం.) పొద్దున్న లేవగానే తలనొప్పి ఉంటే కళ్ళజోడు మార్చాం. నోరు పిడచకట్టుకుపోతే ఏసీ గాలి అన్నాం. బీపీకి రెండు మాత్రలు వేసుకున్నా దిగకపోతే ఊరగాయ తగ్గించాం. చీటికీమాటికీ పిల్లల మీద విసుక్కుంటే వయసన్నాం. అన్నిటికన్నా మోసం చేసింది షిఫ్టు డ్యూటీ. నైట్ చేసొచ్చిన మనిషి బస్సులో నిద్రపోయి స్టాపు దాటిపోతే ఎవరికి అనుమానం వస్తుంది? కానీ వారం రోజులు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నప్పుడు కూడా టిఫిన్ తిని పేపర్ పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల వాల్చేస్తుంటే అది డ్యూటీ అలసట కాదు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళలో ఈ ఒక్కటి గమనించండి చాలు, సెలవు రోజుల్లో, ఏడెనిమిది గంటలు పడుకున్నాక కూడా నిద్ర తీరలేదంటే లెక్క ఎక్కడో తప్పింది.

మాకు కళ్ళు తెరిపించింది అనకాపల్లి రోడ్డు. చుట్టాలింటి నుంచి సాయంత్రం ఐదింటికి వస్తున్నాం, వెలుతురు బాగానే ఉంది, కారు మెల్లగా డివైడర్ వైపు జరుగుతోంది, ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను కేక వేశాను. ఆ రోజు నుంచి మిషన్ వచ్చేదాకా కారు తాళం నా దగ్గరే పెట్టుకున్నాను, ఇంట్లో గొడవైనా సరే. మీ ఇంట్లోనూ అదే చేయండి. బండి నడుపుతూ ఒక్కసారి కునుకు పట్టినా డాక్టరుని కలవడం వాయిదా వేసే సంగతి కాదు.

సరే, అనుమానం వచ్చింది. ముందు ఇంట్లో చేయగలిగింది రెండు పనులు. ఒకటి, టేపు తెచ్చి మెడ కొలవండి. నవ్వకండి, ఇది నిజంగా డాక్టర్లు అడిగే ప్రశ్న. స్టాప్ బ్యాంగ్ అని ఎనిమిది ప్రశ్నల పట్టిక ఒకటుంది: గట్టిగా గురక పెడతారా, పగలు అలసట ఉంటుందా, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవారా. అవునన్న ప్రతిదానికీ ఒక మార్కు. రెండు దాకా అయితే అవకాశం తక్కువ, మూడు నాలుగైతే మధ్యరకం, ఐదు, ఆపైన అయితే ఎక్కువ. మా ఆయన బీఎంఐ 31, వయసు 47, ఆ రెండింట్లో తప్పించుకున్నా ఆరు మార్కులు వచ్చాయి. పరీక్షల్లో ఎప్పుడూ రాని ఫస్ట్ క్లాసు ఇందులో వచ్చిందని మా అబ్బాయి జోకు.

రెండోది వీడియో. ఇది అన్నిటికన్నా విలువైనది, కాస్త ఒద్దికగా తీయండి. ఫ్యాన్, ఏసీ ఐదు నిమిషాలు ఆపేయండి, బెడ్‌లైటు వేసి ముఖం మాత్రమే కాకుండా ఛాతీ, పొట్ట కూడా పడేలా ఫోన్ పెట్టండి. తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో తీస్తే దొరికే అవకాశం ఎక్కువ. ఊపిరి ఆగి, పొట్ట కదులుతూ, మళ్ళీ గాలి పీల్చుకునే దాకా రెండు మూడు సార్లు పడితే చాలు. నేను తీసిన వీడియో చూశాక ఆయన ఏమీ అనలేదు. కాసేపాగి, "ఇంకోసారి పెట్టు" అన్నారు. అప్పటిదాకా నెల రోజులు నేను వాదించినదంతా దండగ. ఆ వీడియోని ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టకండి, మనిషికి అవమానమైతే ఆసుపత్రికి రమ్మన్నా రారు.

వాచీలు, ఫోన్ యాప్‌లు ఆక్సిజన్ ఇంత, గురక ఇంత అని చూపిస్తాయి. అనుమానానికి పనికొస్తాయి, నిర్ధారణకి పనికిరావు. ముక్కుకి క్లిప్పులు, నోటికి అంటించే టేపులు వగైరా ఆన్‌లైన్‌లో దొరికేవాటి జోలికి పోకండి, గొంతు దగ్గర మూసుకుపోతుంటే నోరు కూడా మూసేయడం ఏం తెలివి. అలాగే నిద్రమాత్రలు. మొదట వెళ్ళిన చోట, పేరెందుకులెండి, రాత్రి నిద్ర సరిగా లేదు అన్న మాట ఒక్కటే విని నిద్రమాత్ర రాసిచ్చేశారు. వేసుకున్న రెండు రాత్రులూ ఊపిరి ఆగడం ఇంకా ఎక్కువైంది, నేను రెండు రాత్రులూ జాగారం చేశాను. కొన్ని రకాల నిద్రమాత్రలు, మద్యం, రెండూ గొంతుని ఇంకా వదులు చేస్తాయి, మెదడు లేపడమూ ఆలస్యమవుతుంది. కాబట్టి డాక్టరు దగ్గర మొదటి మాట "నిద్ర పట్టడం లేదు" అని కాకుండా "నిద్రలో ఊపిరి ఆగుతోంది, ఇదిగో వీడియో" అని ఉండాలి.

ఏ డాక్టరు? ఊపిరితిత్తుల డాక్టరు, అంటే పల్మనాలజిస్టు. ముక్కు దిబ్బడ, పెద్ద టాన్సిల్స్ లాంటివి ఉంటే ఈఎన్‌టీ కూడా. విశాఖలో అయితే కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది, వాల్తేరులో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది, పాతవాళ్ళు ఇప్పటికీ టీబీ ఆసుపత్రి అనే అంటారు, ఆ పేరు విని భయపడక్కర్లేదు. హనుమంతవాక దగ్గర విమ్స్ ఉంది. ప్రైవేటు కావాలంటే రామ్‌నగర్, ఆరిలోవ హెల్త్ సిటీ వైపు వెళితే వరసగా ఆసుపత్రులే. ఎక్కడికెళ్ళినా ముందు ఫోన్ చేసి "స్లీప్ స్టడీ, అంటే నిద్ర పరీక్ష, మీ దగ్గరే చేస్తారా, బయటికి రాస్తారా, రాత్రంతా టెక్నీషియన్ ఉంటారా, రిపోర్టు ఎవరు చూస్తారు" అని అడిగి వెళ్ళండి. ఓపీలో బరువు, బీపీ, గొంతు, దవడ చూస్తారు, థైరాయిడ్ పరీక్ష రాస్తారు, అది తగ్గినా ఇలాంటి లక్షణాలు వస్తాయి. వాడే మాత్రలన్నీ కవరుతో సహా పట్టుకెళ్ళండి.

పరీక్ష రెండు రకాలు. ఇంటికి చిన్న మిషన్ ఇచ్చి పంపేది ఒకటి, వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు పెట్టుకుని పడుకుంటే సరిపోతుంది. లావుగా ఉండి, గట్టిగా గురక పెడుతూ, వేరే పెద్ద జబ్బులు లేనివాళ్ళకి అది చాలు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్ళకీ, ఇంటి పరీక్షలో తేలనివాళ్ళకీ ఆసుపత్రిలో రాత్రంతా పడుకోబెట్టి చేసేది, దాన్నే పాలీసోమ్నోగ్రఫీ అంటారు. తలకీ, కళ్ళ పక్కనా, గడ్డం కిందా, ఛాతీకీ, కాళ్ళకీ వైర్లు అంటిస్తారు. తలకి నూనె రాసుకోకుండా వెళ్ళాలి, ఇది మాకెవరూ చెప్పలేదు, కొబ్బరినూనె దట్టించుకుని వెళ్ళిన మా ఆయన తల తుడవడానికే ఆ అబ్బాయికి పావుగంట పట్టింది. ఆ రోజు మధ్యాహ్నం కునుకు వద్దు, సాయంత్రం నుంచి కాఫీ టీలు వద్దు, లుంగీ, సొంత తలగడ తీసుకెళ్ళండి. ఇన్ని తాళ్ళతో నిద్రెలా పడుతుందని అందరూ అంటారు. ఈ జబ్బున్నవాళ్ళకి చాలామందికి పట్టేస్తుంది, అదే కదా బాధ. జబ్బు తీవ్రంగా ఉంటే కొన్నిచోట్ల సగం రాత్రి పరీక్ష చేసి మిగతా సగం మిషన్ పెట్టి ఎంత ఒత్తిడి సరిపోతుందో అప్పుడే తేలుస్తారు.

రిపోర్టు చాలా పేజీలుంటుంది, రెండు అంకెలు వెతకండి. ఏహెచ్ఐ అంటే గంటకి సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అని. పెద్దవాళ్ళలో 5 లోపు మామూలే, 5 నుంచి 15 దాకా తక్కువ, 15 నుంచి 30 మధ్యరకం, 30 దాటితే తీవ్రం. ఇంకోటి ఆక్సిజన్ ఎంతవరకు పడింది, 90 శాతం కింద ఎంతసేపు ఉంది. మా ఆయనకి 41, ఆక్సిజన్ 74 దాకా పడింది. కరోనా టైములో వేలికి పెట్టుకునే మిషన్‌లో 94 కింద చూపిస్తే పరుగులు పెట్టిన ఊరు మనది, 74 అని చదివాక ఇంకేం వాదిస్తారు.

ఇక వైద్యం. మధ్యరకం నుంచి తీవ్రం దాకా మొదటి మాట సీపాప్ మిషన్. మాస్కు ద్వారా కొంచెం ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకోకుండా లోపలి నుంచి తెరిచి పట్టుకుంటుంది, అంతే. అది ఆక్సిజన్ సిలిండరు కాదు, మామూలు గది గాలే. మా అత్తగారు వారం రోజులు "ఆక్సిజన్ మీద బతుకుతున్నాడు నా కొడుకు" అని ఫోన్లలో ఏడ్చారు కాబట్టి ఇది ముందే ఇంట్లో చెప్పేయండి. ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివాన్ అనే డాక్టరు దీన్ని కనిపెట్టి 1981లో లాన్సెట్ పత్రికలో రాశాడు, మొదటి మిషన్ వాక్యూమ్ క్లీనర్ మోటారుతో చేసినదట. ఇప్పటివి టేబుల్ మీద చిన్న రేడియో అంత ఉంటాయి, చప్పుడు ఫ్యాన్ కన్నా తక్కువ.

ఒత్తిడి తనంతట తానే సర్దుకునే ఆటో మిషన్ ధర సుమారు 30 వేల నుంచి 70 వేల దాకా, మాస్కు, హ్యుమిడిఫైయర్ (గాలికి తేమ కలిపేది) కలిపి బేరం ఆడండి. కొనేముందు వారం పది రోజులు అద్దెకిస్తారేమో అడగండి, కొందరు డీలర్లు ఇస్తారు. మమ్మల్ని ఒక డీలరు "స్టడీ ఎందుకు మేడమ్, దండగ, మిషన్ ఆటోమేటిక్" అన్నాడు, అక్కడి నుంచి లేచి వచ్చేశాం. సెకండ్ హ్యాండ్ తక్కువకి దొరుకుతుంది కానీ ఎన్ని గంటలు వాడారో, కంపెనీ వెనక్కి పిలిచిన మోడలేమో చూడాలి. 2021లో లోపలి ఫోమ్ పాడవుతోందని ఒక పెద్ద కంపెనీ మిషన్లని పెద్దఎత్తున వెనక్కి పిలిపించింది. ఇన్సూరెన్స్ పాలసీల్లో చాలావాటికి సీపాప్ మిషన్ ఖర్చు రాదు, పాలసీ కాగితం చదువుకోండి. సీజీహెచ్ఎస్‌లో (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) మాత్రం స్లీప్ స్టడీ రిపోర్టుతో తిరిగి ఇచ్చే పద్ధతి ఉంది, ఈ ఊళ్ళో నేవీ, రైల్వే, పోర్టు, ప్లాంటు కుటుంబాలే ఎక్కువ కాబట్టి కొనకముందే మీ మెడికల్ సెక్షన్‌లో అడిగి, ముందస్తు అనుమతి కావాలంటే తీసుకుని, తర్వాతే బిల్లు చేయించండి.

అసలు యుద్ధం మొదటి నెల. చాలామంది మిషన్ కొని అటక మీద పెట్టేది ఇక్కడే. మొదటి రాత్రి నేరుగా పడుకోబోతే ఊపిరాడనట్టు ఉంటుంది. ఆయన మూడు రోజులు సాయంత్రం క్రికెట్ చూస్తూ మాస్కు పెట్టుకుని కూర్చున్నారు, అది పనిచేసింది. తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లగా పెరిగే ర్యాంప్ సెట్టింగు పెట్టించండి. తర్వాత మీసం గొడవ. ముక్కు మీద పెట్టే మాస్కు కింది అంచు సరిగ్గా ఆయన మీసం మీద కూర్చునేది, సందులోంచి గాలి జర్రుమని కళ్ళలోకి కొట్టేది, బెల్టు బిగిస్తే ముక్కు మీద ఎర్రగా గుర్తు. మీసం తీయమంటే మిషనే తీసేస్తానన్నారు. చివరికి ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న పిల్లో మాస్కు మార్చాక సర్దుకుంది. నోరు తెరుచుకుని పడుకునేవాళ్ళకి అది కుదరదు, నోరు కూడా కప్పే పెద్దది కావాలి. బెల్టు పడుకున్నాక బిగించండి, కూర్చుని కాదు, పడుకుంటే ముఖం ఆకారం మారుతుంది.

హ్యుమిడిఫైయర్‌లో డిస్టిల్డ్ వాటర్ పోయాలి, మెడికల్ షాపులో అడగండి, బోరు నీళ్ళు పోస్తే తెల్లటి పొర కడుతుంది. విశాఖ గాలిలోనే బోలెడు తేమ, దానికి తోడు ఏసీ చల్లదనం తగిలితే పైపులో నీళ్ళు చేరి అర్ధరాత్రి ముక్కు మీద చుక్కలు పడతాయి. తేమ సెట్టింగు తగ్గించి, పైపుకి పాత చీర ముక్క చుట్టాను, ఆగింది. మాస్కు రోజూ కొంచెం సబ్బునీళ్ళతో, పైపు వారానికోసారి, ఫిల్టరు కంపెనీ చెప్పిన గడువుకి. రాత్రికి కనీసం నాలుగు గంటలు వాడారా అని డాక్టర్లు చూస్తారు, మిషన్‌లో కార్డు అన్నీ రాసుకుంటుంది, అబద్ధం కుదరదు. కానీ నాలుగుతో ఆపకండి, జబ్బు ఎక్కువయ్యేది తెల్లవారుజామునే అని పైన చెప్పాను కదా. నాలుగో రోజు పొద్దున ఆయన లేచి, "రాత్రి నేను బాత్రూముకి లేచానా?" అని అడిగారు. లేవలేదు.

మిషన్ ఒక్కటే దారి కాదు. తక్కువ, మధ్యరకం వాళ్ళకి కింది దవడని కాస్త ముందుకి పట్టి ఉంచే పళ్ళ పరికరం ఉంది, తెలిసిన డెంటిస్టు కొలత తీసి చేయాలి. వెల్లకిలా పడుకుంటేనే వచ్చేవాళ్ళు బనీను వెనక జేబు కుట్టించి టెన్నిస్ బంతి పెట్టుకుంటారు, మోటుగా ఉన్నా కొందరికి చాలు. బరువు పదో వంతు తగ్గినా తేడా కనిపిస్తుంది. పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్ళు ఆపి నడిచేవాళ్ళకి వదిలేస్తారు, వాడుకోండి. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ని ఊబకాయంతో పాటు మధ్యరకం, తీవ్రమైన ఆప్నియా ఉన్నవాళ్ళకి అమెరికా ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో అనుమతించింది, ఇప్పుడు ఇక్కడా దొరుకుతుంది, డాక్టరు రాస్తేనే. ఆపరేషన్లు కొందరికే.

సన్నగా ఉన్నాం కదా మాకు రాదు అనుకోవద్దు. చిన్న దవడ, వెనక్కి ఉన్న గడ్డం ఉంటే సన్నవాళ్ళకీ వస్తుంది. ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. ముట్లు ఆగిపోయాక మనకీ బాగా పెరుగుతుంది, కానీ గురక కన్నా అలసట, నిద్ర పట్టకపోవడం, దిగులు ఎక్కువ కనిపిస్తాయి, విటమిన్ మాత్రలు రాసి పంపేస్తారు. పైగా అర్ధరాత్రి లేచి మన ఊపిరి లెక్కపెట్టే మొగుడెక్కడ! పిల్లలు నోరు తెరుచుకుని గురక పెడుతూ, పక్క తడుపుతూ, క్లాసులో కుదురుగా కూర్చోకపోతే ఈఎన్‌టీకి చూపించండి, చాలాసార్లు టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) కారణం. ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా మత్తుమందు డాక్టరుకి ఆప్నియా సంగతి ముందే చెప్పి, మిషన్ వెంట తీసుకెళ్ళండి. సంగీత దర్శకుడు బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం ఈ జబ్బే.

ఆఖరుగా కరెంటు. మిషన్‌ని ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకే పెట్టించండి, హ్యుమిడిఫైయర్ వేడి ఆపేస్తే చాలా తక్కువ కరెంటు తింటుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్ళం, ఆ తర్వాత ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో గుర్తుందిగా. తుపాను అనగానే ఇప్పుడు మా ఇంట్లో పాల ప్యాకెట్లు, కొవ్వొత్తులతో పాటు ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు చూసి పెట్టుకుంటాం. అది కూడా అయిపోతే తలవైపు మంచం కాళ్ళ కింద రెండు ఇటుకలు, వీపు వెనక బొంత చుట్ట పెట్టి పక్కకి పడుకోబెడతాను, ఆ రాత్రికి మద్యం లేదు, నిద్రమాత్ర లేదు, మర్నాడు కారు తాళం మళ్ళీ నా దగ్గరే.